వాచీకి చిక్కే గుండె జబ్బు, చిక్కనిది

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్న నడకకొచ్చేవాళ్ల చేతులకు స్మార్ట్‌వాచీలు ఇప్పుడు మామూలైపోయాయి. దాంతోపాటు ఒక మాట కూడా మామూలైపోయింది: "వాచీలో ఈసీజీ తీశాను, నార్మల్ అని వచ్చింది, గుండెకేమీ లేదు." ఇందులో మొదటి రెండు ముక్కలూ నిజం కావచ్చు. మూడోది మాత్రం వాటినుంచి రాదు. వాచీ కొన్ని జబ్బుల్ని నిజంగానే పట్టుకుంటుంది, అదీ ఆసుపత్రి మెషీన్లకు కూడా అంత తేలిగ్గా దొరకనివాటిని. ఇంకొన్ని దాని కళ్లెదుటే జరుగుతున్నా దానికి కనపడవు. ఏది ఏదో తెలిసి వాడితే ఆ డబ్బుకు విలువ ఉంటుంది.

వాచీలో గుండెను గమనించే సాధనాలు రెండు. చాలామంది వాటిని ఒకటే అనుకుంటారు. వాచీ తిరగేస్తే అడుగున మిణుకుమిణుకుమనే ఆకుపచ్చ లైటు మొదటిది. రక్తం ఆకుపచ్చ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి రక్తం పొంగుతుంది, అప్పుడు వెనక్కి వచ్చే వెలుగు తగ్గుతుంది. పక్కనున్న సెన్సర్ ఆ తగ్గుల్ని లెక్కపెడుతుంది. అంటే డాక్టరు మూడు వేళ్లు పెట్టి చూసే నాడినే ఇది వెలుగుతో చూస్తోందన్నమాట. రెండోది ఈసీజీ. వాచీ వీపు ఒక చేతికి ఆని ఉంటుంది, రెండో చేతి వేలు పక్క బటన్ మీదో అంచు మీదో పెడతారు. రెండు చేతుల మధ్య గుండె పుట్టించే కరెంటు తేడాను 30 సెకన్లపాటు రాసుకుంటుంది. ఆసుపత్రి ఈసీజీ గుండెను 12 వైపుల నుంచి చూస్తుంది, ఒక్కో చూపును లీడ్ అంటారు. ఆ 12 లీడ్లలో ఇది మొదటిది ఒక్కటే.

ముందు ఆకుపచ్చ లైటు సంగతి. పట్టీ వదులుగా ఉంటే బయటి వెలుతురు లోపలికి దూరి లెక్క చెడుతుంది. మణికట్టు ఎముక దాటి ఒక వేలు వెడల్పు పైకి, కదలకుండా, అలాగని అచ్చు పడనంతగా బిగించాలి. పచ్చబొట్టు మీద కడితే సిరా వెలుగును మింగేస్తుంది, ఆ చెయ్యి మార్చేయడమే మంచిది. ఏసీ గదిలో చేతులు చల్లబడితే చర్మానికి రక్తం తగ్గి, అంకె ఎగిరెగిరి పడుతుంది. అన్నిటికన్నా మోసం చేసేది నడక. సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు చెయ్యి ఊపుకుంటూ నడిచేవాళ్లను తీసుకోండి. చెమటకు వాచీ జారుతూ ఉంటుంది, అడుగులు నిమిషానికి 110 పడుతుంటాయి. ఒక్కోసారి వాచీ నాడిని వదిలేసి ఆ చెయ్యి ఊపునే పట్టుకుని గుండె వేగం కూడా 110 అని చూపిస్తుంది. అనుమానం వస్తే ఆగి, చెయ్యి గుండె ఎత్తుకు తెచ్చి, ఒక నిమిషం కదలకుండా నిలబడి మళ్లీ చూడాలి.

దీనికి తిరగబడిన తప్పు ఇంకొకటుంది. కొందరికి ప్రతి మామూలు దెబ్బ వెనకే ఒక తొందరపాటు దెబ్బ వస్తుంది. గుండె పూర్తిగా నిండకముందే కొట్టుకున్నది కనుక ఆ రెండోదాని అల మణికట్టు దాకా రాదు. గుండె 80 కొట్టుకుంటుంది, వాచీ 40 అంటుంది. ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అప్పుడు చెయ్యాల్సింది వాచీలోనే ఈసీజీ తీయడం. అందులో నిమిషానికి 80 లెక్కన ప్రతి దెబ్బా కనిపిస్తుంది, ఎందుకు తేడా వచ్చిందో డాక్టరుకు అర్థమవుతుంది. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు మాత్రం వేగం నిజంగానే తగ్గుతుంది. నిద్రలో తక్కువ వేగం హెచ్చరిక వచ్చిందని మాత్ర మానేయకండి. కళ్లు తిరగడం, తూలడం ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

వాచీ నిజంగా మేలు చేసేది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ విషయంలో. గుండె పై గదులు ఒక పద్ధతిగా ముడుచుకోకుండా గిలగిల కొట్టుకోవడం అది. నాడి లయ తప్పుతుంది, పై గదిలో రక్తం నిలవుండి గడ్డ కడుతుంది, ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు దాదాపు 5 రెట్లు. చిక్కేమిటంటే మొదట్లో ఇది వచ్చిపోతూ ఉంటుంది. రాత్రి రెండు గంటలకు దడ పుట్టి, తెల్లారి ఆసుపత్రికి వెళ్లేసరికి ఈసీజీ చక్కగా ఉంటుంది. 24 గంటలూ ఈసీజీ రాసే హోల్టర్ మెషీను కట్టినా ఆ రోజు రాకపోవచ్చు. నెలలతరబడి చేతికి ఉండేది వాచీయే.

ఆపిల్ వాచీలో లయ తప్పిందన్న హెచ్చరిక ఎలా పుడుతుందో తెలిస్తే దాని పరిమితీ తెలుస్తుంది. మీరు కదలకుండా ఉన్నప్పుడు మధ్యమధ్య ఒక్కో నిమిషం చొప్పున నాడిని రాసుకుంటుంది. లయ తేడాగా కనిపిస్తే మళ్లీ మళ్లీ చూస్తుంది. 48 గంటల్లోపు 6 సార్లలో 5 సార్లు లయ తప్పితేనే హెచ్చరిక ఇస్తుంది. అంటే పది నిమిషాలు వచ్చి పోయిన దడకు ఇది మోగదు. 2019లో వెలువడిన ఆపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొంటే హెచ్చరిక వచ్చింది 0.52 శాతానికే. వాళ్లకు ఛాతీ మీద అంటించుకునే ప్యాచ్ పంపారు. దాన్ని వాడి తిరిగి పంపిన 450 మందిలో 34 శాతానికి ఫిబ్రిలేషన్ రికార్డయింది. మిగతావాళ్లందరికీ వాచీ అబద్ధం చెప్పిందనుకోకండి, ప్యాచ్ అంటించిన ఆ వారంలో జబ్బు రాకపోయి ఉండొచ్చు. ప్యాచ్ ఉండగానే హెచ్చరిక వచ్చినప్పుడు 84 శాతం సార్లు వాచీ మాటే నిజమైంది. ఈ సౌకర్యం 22 ఏళ్లు నిండినవాళ్లకు, ఫిబ్రిలేషన్ ఉందని ఇంతకుముందు తేలనివాళ్లకు ఉద్దేశించింది. ఇప్పటికే జబ్బు ఉన్నవాళ్లు దీన్ని పెట్టుకుని, మోగలేదు కదా తగ్గిపోయిందనుకోకూడదు.

ఇక ఈసీజీ తీసే పద్ధతి. పాడైపోయిన రికార్డులన్నీ ఇక్కడే పాడవుతాయి. ఐదు నిమిషాలు కుర్చీలో కూర్చోండి. మణికట్టు, వేలు పొడిగుడ్డతో తుడవండి. కొబ్బరినూనె, లోషన్ ఉంటే సబ్బుతో కడిగి ఆరనివ్వండి. మన ఊరి ఉక్కపోతకు వాచీ కింద చెమట చేరితే తీసి తుడిచి మళ్లీ కట్టండి. లోహపు గాజులు వాచీకి తగలకుండా పైకి జరపండి. సెట్టింగుల్లో ఏ చేతికి కట్టారో సరిగా చెప్పారా చూసుకోండి, కుడి ఎడమైతే అల తలకిందులవుతుంది. రెండు చేతులూ టేబుల్ మీదో ఒడిలోనో ఆన్చండి. గాల్లో చెయ్యి పట్టుకుంటే కండరాల వణుకు గీతలోకి దిగుతుంది. వేలు బటన్ మీద ఆన్చాలి, నొక్కకూడదు. 30 సెకన్లూ మాట్లాడొద్దు. చార్జింగులో ఉన్న ఫోను, ల్యాప్‌టాప్ దగ్గర్లో ఉంటే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ గుర్‌గుర్ గీతంతా సన్నని రంపపు పళ్లలా వస్తుంది. వాటికి దూరంగా జరిగి మళ్లీ తీయండి.

తీశాక వచ్చిన మాటను జాగ్రత్తగా చదవండి. సైనస్ రిథమ్ అంటే ఆ 30 సెకన్లలో లయ సరిగా ఉందని, అంతవరకే. "తేల్చలేకపోయాను" అని వస్తే రెండు మూడుసార్లు తీసి చూడండి. అసలు ఉచ్చు వేగం దగ్గర ఉంది. ఆపిల్ మొదటి వెర్షన్ 50 నుంచి 120 మధ్య వేగంలోనే ఫిబ్రిలేషన్ వెతికేది, తర్వాతి వెర్షన్ 150 దాకా వెతుకుతుంది. గుండె 160 పరుగెడుతుంటే "వేగం ఎక్కువ" అని మాత్రమే చెప్తుంది, ఫిబ్రిలేషన్ ఉందో లేదో చెప్పదు. ఆ మాట రాలేదని ఊపిరి పీల్చుకుంటే పొరపాటే. ఫ్లట్టర్ అని ఇంకో లయ జబ్బు ఉంది. అది తరచుగా 150 దగ్గర గడియారంలా సమంగా కొడుతుంది, కాబట్టి లయ తప్పిందా అని వెతికే సాఫ్ట్‌వేర్‌ను సులువుగా దాటిపోతుంది. కూర్చుని ఉండగా 150 కదలకుండా ఉంటే వాచీ ఏమన్నా సరే, ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

గీతను మీరే ఒకసారి చూడొచ్చు, పెద్ద చదువు అక్కర్లేదు. పీడీఎఫ్ ప్రింటు తీస్తే పది సెకన్ల చొప్పున మూడు వరసలు ఉంటాయి. చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను. మూడు వరసల్లోని నిటారు ముల్లుల్ని లెక్కపెట్టి రెండుతో గుణిస్తే నిమిషానికి వేగం. లయ చూడ్డానికి ఒక తెల్లకాగితం అంచును ముల్లుల కింద పెట్టి, వరసగా నాలుగు ముల్లుల ఎదురుగా పెన్సిల్‌తో నాలుగు గీట్లు పెట్టండి. కాగితాన్ని ఒక ముల్లు పక్కకు జరపండి. గీట్లు మళ్లీ ముల్లుల కిందే పడితే లయ సమంగా ఉన్నట్టు. ఒక్కచోటే తప్పి, ఆ తర్వాత మళ్లీ కుదిరితే అది తరచుగా తొందరపాటు దెబ్బ. ఎంత జరిపినా ఎక్కడా కుదరక, ప్రతి ముల్లుకు ముందుండే చిన్న బుడిపె కూడా కనపడకుండా అడుగుగీత సన్నగా వణుకుతుంటే, ఆ కాగితం ఆ రోజే డాక్టరుకు చేరాలి. ఈసీజీ టెక్నీషియన్లు, డాక్టర్లు ఏళ్లుగా చేస్తున్న కాగితం పరీక్ష ఇది. వాచీ మాటను తనిఖీ చెయ్యడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

ఇప్పుడు వాచీకి చిక్కనిది. గుండెపోటు దానికి తెలియదు. తయారీదారులే ఆ మాట స్క్రీను మీద రాస్తారు, మనమే చదవం. గుండె కింది గోడకు రక్తం ఆగితే రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో కనిపిస్తుంది. ముందు గోడైతే ఛాతీ మీద అంటించే ఆరు లీడ్లలో. రెండు చేతుల మధ్య గీసిన ఒక్క గీతకు ఆ గోడలు చాలావరకు చాటు. రక్తనాళాల్లో పూడికలు ఉన్నా, నొప్పి లేని సమయంలో ఆసుపత్రి ఈసీజీ కూడా బాగానే ఉండొచ్చు, ఇక వాచీ సంగతి చెప్పేదేముంది. ఛాతీ బరువు, ఎడమ చెయ్యో దవడో లాగడం, చల్లచెమట, ఆయాసం వస్తే వాచీ వైపు చూడకండి. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకోకండి. 108కి ఫోన్ చెయ్యండి, సొంతంగా బండి నడపొద్దు. మన రాష్ట్రంలో గుండెపోటుకు వెంటనే వైద్యం అందించే స్టెమీ కార్యక్రమం కింద ప్రాంతీయ ఆసుపత్రుల్లోనే 12 లీడ్ల ఈసీజీ తీసి పెద్దాసుపత్రి కార్డియాలజిస్టులకు పంపుతున్నారు. వాళ్లు సరేనంటే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తున్నారు. అనకాపల్లిలోనో నర్సీపట్నంలోనో ఉన్నవాళ్లకు ఆ మొదటి గంట విలువ మాటల్లో చెప్పలేం. వాచీలో "నార్మల్" చూసి ఆ గంట పోగొట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

కృత్రిమ మేధ ఇక్కడ కొత్తగా ఏం చేస్తోంది? పైన చెప్పిన లయ తనిఖీ మనిషి కంటికీ తెలిసిన విద్యే. ఇప్పుడు వస్తున్నది మనిషి కంటికి కనపడనిదాన్ని చదవడం. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 44,959 మంది ఈసీజీలను, వాళ్ల ఎకో (గుండె స్కానింగ్) ఫలితాలను జతచేసి న్యూరల్ నెట్‌వర్క్ అనే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్‌కు నేర్పించారు. గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయినవాళ్లను కేవలం ఈసీజీ చూసి గుర్తుపట్టమన్నారు. 2019లో ఆ ఫలితం వచ్చింది. అనుభవమున్న కార్డియాలజిస్టు మామూలుగానే ఉందనే గీతలోనూ అది బలహీనతను పసిగట్టింది. 2022లో అదే విద్యను వాచీ ఈసీజీ మీద ప్రయోగించారు. 2,454 మంది 1,25,610 ఈసీజీలు పంపారు. అంకె చూస్తే ఘనంగా ఉంటుంది కానీ, నెల రోజుల తేడాలో ఎకో కూడా ఉండి పోల్చడానికి పనికొచ్చినవాళ్లు 421 మందే, వాళ్లలో పంపింగ్ నిజంగా తగ్గినవాళ్లు 16 మంది. ఫలితం ఆశ పుట్టించేదే, నేనూ ఆశగానే చూస్తున్నాను. కానీ 16 మంది మీద నిలబడిన నమ్మకాన్ని ఊరందరికీ పంచలేం. 2025లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకో అడుగు వేసి, పంపింగ్‌తోపాటు కవాటాల జబ్బు, గోడ మందం కూడా ఒక్క లీడుతో వెతికే పద్ధతిని 600 మంది మీద పరీక్షించారు. నేర్పించేటప్పుడే ఆసుపత్రి ఈసీజీలకు కావాలని వణుకు, గుర్‌గుర్ కలిపి నేర్పించారు. వాచీ గీత ఎలా ఉంటుందో తెలిసి చేసిన పని, అది నాకు చాలా నచ్చింది.

ఇలాంటి పరీక్ష ఫలితాన్ని ఎలా తీసుకోవాలో లెక్క వేస్తే తెలుస్తుంది. వెయ్యి మందిని చూశామనుకుందాం, వాళ్లలో 20 మందికి గుండె బలహీనంగా ఉందనుకుందాం. సాఫ్ట్‌వేర్ జబ్బు ఉన్న నూరుమందిలో 85 మందిని పడుతుంది, లేని నూరుమందిలో 85 మందిని సరిగా వదిలేస్తుంది అనుకుందాం. అప్పుడు 20లో 17 మంది దొరుకుతారు. జబ్బు లేని 980 మందిలో 147 మందికి ఉత్తి గంట మోగుతుంది. మొత్తం 164 హెచ్చరికల్లో నిజమైనవి 17, అంటే పదింటికి ఒకటి. లేదని చెప్పిన 836 మందిలో తప్పిపోయినవాళ్లు ముగ్గురు. కాబట్టి "ఉంది" అన్నది భయపడాల్సిన మాట కాదు, ఎకోకు వెళ్లమన్న చీటీ. "లేదు" అన్నది ఎక్కువ బలమైన మాట. కానీ జబ్బు అరుదైనప్పుడు కళ్లు మూసుకుని అందరికీ లేదని చెప్పినా 98 శాతం సరే అవుతుందని గుర్తుంటే, ప్రకటనల్లో 99 శాతం అన్న అంకె చూసి అంతగా మురిసిపోం. పట్టుకోవాల్సినవాళ్లలో ఎందరిని పట్టింది అని అడగాలి.

నా లెక్కలో ఈ విద్యకు అసలు చోటు నగరంలో ఏటా ఎకో చేయించుకోగలిగినవాళ్ల మణికట్టు కాదు. పాడేరు, ముంచింగిపుట్టు వైపు ఎకో మెషీను, దాన్ని చదివే మనిషి దొరకని చోట ఆరోగ్య కార్యకర్త చేతిలో ఉండాలి. ఘాట్ రోడ్డు దిగి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి దాకా ఎవరు ముందు రావాలో 30 సెకన్లలో తేల్చగలిగితే అది పెద్ద సాయం. దానికి ముందు మన జనం మీద పరీక్షించాలి. అమెరికా ఈసీజీలతో నేర్చుకున్నది మన దగ్గర అలాగే పనిచేస్తుందని ఊహించుకోకూడదు, మన జబ్బుల వాటాలే వేరు.

ఆ తేడాల్లో ముఖ్యమైనది కీళ్లవాత జ్వరం. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లనొప్పులతో వచ్చిపోయిన జ్వరం గుండె ఎడమ గదుల మధ్యనుండే మైట్రల్ కవాటాన్ని పాడుచేసి ఇరుకు చేస్తే, ముప్పై నలభై ఏళ్లకే ఫిబ్రిలేషన్ వస్తుంది. పడమటి దేశాల్లో ఇది ఎక్కువగా ముసలితనపు జబ్బు, ఇక్కడ పిల్లల తల్లులకూ వస్తుంది. వాచీ లయ తప్పిందని చెప్పగలదు, ఇరుకైన కవాటం చేసే చప్పుడు వినలేదు. అది తెలియడం ఎందుకు ముఖ్యమంటే మందు మారిపోతుంది. మామూలు ఫిబ్రిలేషన్‌కు రక్తం గడ్డ కట్టకుండా ఎపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మందులు ఇస్తారు. ఇరుకు కవాటంతో వచ్చినదానికి ఎసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి పాతవే మేలు. 2022లో వచ్చిన ఇన్‌విక్టస్ పరిశోధనలో, కీళ్లవాత గుండె జబ్బుతో ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లలో రివరాక్సబాన్ కన్నా పాత మందులతోనే ప్రాణాలు ఎక్కువ నిలిచాయి. కాబట్టి వాచీ హెచ్చరిక తర్వాత ఎకో చెయ్యకుండా మందు మొదలుపెట్టకూడదు. ఎసిట్రోమ్ వాడేవాళ్లు ఆకుకూరలు మానక్కర్లేదు. వారమంతా మానేసి ఆదివారం ఒక్కరోజే గిన్నెడు తోటకూర తింటేనే రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్ఆర్ అంకె అటూఇటూ ఊగుతుంది. రోజూ ఒకే కొలత తినండి.

హెచ్చరిక వచ్చాక వరస ఇలా ఉంటుంది: 12 లీడ్ల ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్తంలో పొటాషియం, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్ష. పక్షవాతం ముప్పుకు డాక్టరు పాయింట్లు వేస్తారు. గుండె నీరసం, బీపీ, షుగర్, రక్తనాళాల జబ్బు, స్త్రీ కావడం ఒక్కొక్కటి, 65 నుంచి 74 ఏళ్లకు ఒకటి, 75 దాటితే రెండు, ఇంతకుముందు పక్షవాతం వచ్చి ఉంటే రెండు. ఆస్పిరిన్ ఈ పనికి చాలదు, మందుల షాపులో అడిగి వేసుకోకండి. ఏ ఇబ్బందీ లేనివాళ్లకు వెతికి పట్టుకున్న చిన్నచిన్న ఫిబ్రిలేషన్లకు మందు ఇస్తే పక్షవాతం ఎంత తగ్గుతుందన్నది వైద్యుల్లో ఇంకా తెగని వాదన. 2021లో లూప్ పరిశోధనలో చర్మం కింద రికార్డర్ పెట్టి చూస్తే మూడు రెట్లు ఎక్కువమందిలో ఫిబ్రిలేషన్ దొరికింది, పక్షవాతాలు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు. అందుకే పాతికేళ్ల కుర్రాడి చేతికి వాచీ కట్టి రోజూ పదిసార్లు ఈసీజీ తీయించొద్దని చెప్తాను. 65 దాటి బీపీ, షుగర్ ఉన్న అమ్మకో నాన్నకో కట్టండి, అక్కడ ఉపయోగం ఎక్కువ.

కొనేటప్పుడు మూడు చూడండి. ఈసీజీ ఉందంటే అడుగున చర్మానికి ఆనే లోహపు భాగం, పైన రెండో చేతి వేలు పెట్టే చోటు ఉండి తీరాలి. ఒక చేత్తోనే ఈసీజీ గీత గీస్తుంటే అది లైటు నుంచి అల్లిన బొమ్మ. బీపీ చూపించే చవక వాచీని చుట్టిన తువ్వాలుకు కట్టి చూడండి, దానికీ 120/80 వస్తే మీకు జవాబు దొరికినట్టే. సామ్‌సంగ్ వాచీల్లో బీపీకి కూడా ప్రతి 28 రోజులకు చేతిపట్టీ మెషీనుతో సరిచూసుకోవాలి. సూది లేకుండా షుగర్ చెప్తామనే వాచీలను నమ్మొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలు, సాఫ్ట్‌వేర్‌తో సహా, ఔషధాల చట్టం కిందికి వచ్చాయి. అయినా "వైద్య అవసరాలకు కాదు" అని పెట్టె మీద చిన్నక్షరాల్లో రాసి అమ్మేవి చాలా ఉన్నాయి, ఆ వాక్యం కోసం వెతకండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాచీని, ఫోన్‌ను దానికి 15 సెంటీమీటర్లు, వైర్‌లెస్ చార్జింగులో ఉంటే 30 సెంటీమీటర్లు దూరంగా ఉంచాలి. చొక్కా జేబులో ఫోను పెట్టే అలవాటు మానాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు దడ వచ్చిన సమయంలో తీసిన ఈసీజీ కావాలి, తగ్గాక తీసినది కాదు. ఆపిల్‌లో తీయగానే లక్షణాలు నమోదు చేసే చోటుంది, దడ, కళ్లు తిరగడం అక్కడే గుర్తుపెట్టండి. పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గా పంపండి. స్క్రీన్‌షాట్ తీసి ఫొటోగా పంపితే చిన్న గడులు చెరిగిపోయి, ముల్లు ముందున్న బుడిపె కనపడదు, అసలు తగవంతా ఆ బుడిపె దగ్గరే. ప్రింటు తీసేటప్పుడు పేజీకి సరిపెట్టు అన్నది తీసేసి నూరు శాతం సైజులో తీయమనండి. చిన్న గడి స్కేలు మీద సరిగ్గా ఒక మిల్లీమీటరు రావాలి.